రోజుకి నాలుగు డోలోలే వేసుకున్నా పారాసెటమాల్ నాలుగు గ్రాములు ఎలా దాటింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటున్నారు, బరువు 60 కిలోలు. మూడు రోజులుగా జ్వరం, ఒళ్ళునొప్పులు. నిన్న ఆరు గంటలకొకటి చొప్పున డోలో 650 నాలుగు వేసుకున్నారు. ముక్కు కారుతోందంటే మెడికల్ షాపులో ఇచ్చిన సినారెస్ట్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నడుం పట్టేసిందని రూమ్మేట్ దగ్గరున్న జీరోడాల్-పి రెండు. ఇంతలో ఆఫీసులో ఒకాయన "డోలోతో లివర్ పోతుంది" అన్నాడు, ఇంకొకాయన "కోవిడ్ టైంలో అందరం మింగలేదా, ఏమైంది?" అన్నాడు. ఎవరి మాట నమ్మాలి, రోజుకి ఎన్ని వేసుకోవచ్చు, హెచ్‌ఎస్‌ఆర్‌లో ఉన్న అక్క వాళ్ళ రెండేళ్ళ బాబుకి కూడా ఒళ్ళు కాలుతోంది కాబట్టి ఈ డోలోలోంచి సగం ముక్క ఇవ్వొచ్చా అని.

నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. బెంగళూరులోనే చాలా ఏళ్ళుగా మందుల కౌంటర్ వెనక నిలబడి ఉన్నాను. ముందు మీ నిన్నటి లెక్క చూద్దాం.

డోలో 650 నాలుగు అంటే 2,600 మిల్లీగ్రాముల పారాసెటమాల్. సినారెస్ట్‌లో జలుబు మందులతో పాటు 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటుంది, రెండు వేసుకున్నారు కాబట్టి 1,000. జీరోడాల్-పిలో చివరి "పి" అంటే పారాసెటమాలే, మాత్రకి 325 చొప్పున రెండింటికి 650. మొత్తం 4,250. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 24 గంటల్లో దాటకూడదని చెప్పే గరిష్ఠ పరిమితి 4,000. అంటే డోలో విషయంలో మీరు ఏ తప్పూ చేయలేదు, ఆరు గంటలకొకటి చొప్పునే వేసుకున్నారు. అయినా పరిమితి దాటిపోయారు. ఆఫీసులో వాళ్ళిద్దరూ డోలో గురించే వాదించుకుంటున్నారు గానీ, దారి తప్పించింది మిగతా రెండు మాత్రలు.

ఒక్క రోజు ఇంత కొంచెం దాటినందుకు 60 కిలోల ఆరోగ్యవంతుడి లివర్ పాడవడం చాలా అరుదు. కాబట్టి టెన్షన్ పడొద్దు. ఈ రోజు మాత్రం అదే లెక్కలో కొనసాగించొద్దు. సినారెస్ట్, జీరోడాల్-పి రెండూ ఆపేయండి. జ్వరం ఇబ్బంది పెడితేనే డోలో ఒకటి, మళ్ళీ ఆరు గంటల దాకా ఆగండి. వాంతులు, పొట్టలో కుడివైపు పైభాగంలో నొప్పి, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా డోలో కూడా ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

జీరోడాల్-పి ఆపమనడానికి ఇంకో కారణం ఉంది, నిజానికి నాకు పారాసెటమాల్ లెక్క కన్నా అదే ఎక్కువ భయం. అందులో ఉన్న రెండో మందు ఎసిక్లోఫెనాక్. మూడు రోజుల జ్వరం, ఒళ్ళంతా నొప్పులు, పైగా బెంగళూరు అంటే మొదట డెంగీ కాదని తేల్చుకోవాలి. డెంగీ అయితే ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మందులు వేసుకోకూడదు. అసలే ప్లేట్‌లెట్లు పడిపోతున్న ఒంట్లో ఇవి రక్తస్రావం ముప్పు పెంచుతాయి, కడుపులో పుండు చేస్తాయి. కాంబిఫ్లామ్ కూడా ఇదే కోవ, అందులో ఐబుప్రొఫెన్ 400, పారాసెటమాల్ 325. డెంగీ తేలేదాకా జ్వరానికీ నొప్పికీ ఒట్టి పారాసెటమాల్ ఒక్కటే, అదీ పరిమితిలోనే, ఎందుకంటే డెంగీలో లివర్ కూడా ఎంతో కొంత దెబ్బతింటుంది.

కాబట్టి రేపటిదాకా ఆగకుండా ఈ రోజే డాక్టర్‌కి చూపించుకోండి. రక్తపరీక్షలో సీబీసీ (ప్లేట్‌లెట్లతో సహా రక్తకణాల లెక్క), డెంగీ ఎన్‌ఎస్‌1 రాస్తారు. ఎన్‌ఎస్‌1 జ్వరం మొదలైన మొదటి ఐదు రోజుల్లో బాగా పట్టిస్తుంది, మీరు సరైన సమయంలోనే ఉన్నారు. ప్రైవేట్ ల్యాబుల్లో ఎలైసా పద్ధతిలో చేసే డెంగీ పరీక్షలకి ఒక్కోదానికి 300 రూపాయలకి మించి తీసుకోకూడదని 2024 జూలైలో కర్ణాటక ప్రభుత్వం పరిమితి పెట్టింది, బిల్లు ఎక్కువ వేస్తే అడగండి. దగ్గర్లో ప్రభుత్వం నడిపే నమ్మ క్లినిక్ ఉంటే అక్కడికి వెళ్ళినా సరే. ఇంకో సంగతి: డెంగీలో జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదం. "జ్వరం పోయింది, ఆఫీసుకి పోదాం" అనుకునే రోజున ఆగకుండా వాంతులు, విపరీతమైన కడుపునొప్పి, చిగుళ్ళలో రక్తం, లేవలేనంత నీరసం వస్తే అది మాత్రలతో సరిపెట్టుకునే పరిస్థితి కాదు.

ఇక మీ తప్పు కాదని ఎందుకన్నానో చెప్తాను. మా కౌంటర్ దగ్గర సాయంత్రం పూట రోజూ జరిగేది ఇదే. ఎవరో వస్తారు, "అన్నా, జ్వరం, జలుబు, ఒళ్ళునొప్పులు, ఏదైనా ఇవ్వండి" అంటారు. చాలా షాపుల్లో వెనక అరల్లోంచి మూడు నాలుగు షీట్లు తీసి, కత్తెరతో రెండేసి మాత్రలు కోసి, చిన్న కాగితం కవరులో వేసి, పైన పెన్నుతో రెండు గీతలు గీసి ఇచ్చేస్తారు. పొద్దున ఒక పూట, రాత్రి ఒక పూట అని. ఇంటికెళ్ళి చూస్తే కోసిన ముక్క మీద అక్షరాలు "పారాసె" దాకానే ఉంటాయి, ఎంత మోతాదో, గడువు తేదీ ఎప్పుడో పక్క ముక్కతో పాటు షాపులోనే ఉండిపోతుంది. ఆ కవరులో మూడు రంగుల మాత్రలుంటే మూడు రకాల మందులనే అనుకుంటాం. మూడింట్లోనూ పారాసెటమాల్ ఉండొచ్చు.

అందుకని షీటు తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే పేరు కంపెనీది. మీకు కావలసింది సన్నక్షరాల్లో "ప్రతి మాత్రలో" అని మొదలయ్యే భాగం. అక్కడ పారాసెటమాల్ ఐ.పి. అని, పక్కన మిల్లీగ్రాములు ఉంటాయి. క్రోసిన్, కాల్‌పాల్, డోలో, పాసిమాల్, అన్నీ ఒకటే మందు. డాక్టర్లు చీటీలో పీసీఎం అని రాసేదీ ఇదే. జలుబు మాత్రల్లో చాలావాటిలో ఉంటుంది. తలనొప్పికి వేసుకునే శారిడాన్‌లో ఉంటుంది. ఆపరేషన్ తర్వాత నొప్పికి రాసే అల్ట్రాసెట్‌లో ట్రమడాల్‌తో పాటు ఉంటుంది. మన వాళ్ళ ఇళ్ళలో ఇంకోటి కూడా ఉంటుంది, అమెరికా నుంచి వచ్చిన కొడుకో కూతురో సూట్‌కేసులో తెచ్చిన టైలెనాల్ డబ్బా. దాని మీద పారాసెటమాల్ అన్న మాటే కనిపించదు, అసిటమినోఫెన్ అని ఉంటుంది. రెండూ ఒకటే. డేక్విల్, నైక్విల్ అని తెచ్చే జలుబు మందుల్లోనూ అదే. పొద్దున డోలో, మధ్యాహ్నం టైలెనాల్, పడుకునే ముందు నైక్విల్ వేసుకున్న పెద్దాయన మూడు వేర్వేరు మందులు వేసుకున్నాననే అనుకుంటాడు.

మీరు జలుబు మాత్ర వేసుకుని బండి నడిపారా అన్నది కూడా అడగాలి. అందులోని క్లోర్‌ఫెనిరమిన్ మత్తు తెస్తుంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఆ మత్తుతో స్కూటర్ వద్దు.

రోజుకి ఎన్ని? పెద్దవాళ్ళకి ఒక్కసారికి 500 నుంచి 1,000 మిల్లీగ్రాములు, రెండు డోసుల మధ్య తక్కువలో తక్కువ నాలుగు గంటలు, ఆరు గంటలైతే మంచిది. 24 గంటల్లో అన్ని మాత్రలూ కలిపి 4,000 దాటకూడదు. అది గోడ, అక్కడిదాకా వెళ్ళి తీరాలని కాదు. సొంతంగా వేసుకునేటప్పుడు 3,000 లోపల ఆగిపోండి అని నేను చెప్తాను, అంటే 650 మాత్ర నాలుగు, అంతే. 24 గంటలంటే పొద్దున్నుంచి రాత్రి వరకు కాదు, చివరి మాత్ర నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. రాత్రి పదకొండుకి ఒకటి, తెల్లవారుజామున రెండింటికి ఒకటి వేసుకుని, "కొత్త రోజు కదా" అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్ళున్నారు. ఫోన్‌లో మాత్ర పేరు, టైం రాసి పెట్టుకోండి, జ్వరంలో గుర్తుండదు.

50 కిలోలకన్నా తక్కువ బరువున్నవాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు, ఇదివరకే లివర్ జబ్బున్నవాళ్ళు, రోజుల తరబడి సరిగా తినలేనివాళ్ళు, వీళ్ళకి ఈ 4,000 లెక్క వర్తించదు. రోజుకి 2,000 దగ్గరే ఆగమని చాలామంది డాక్టర్లు చెప్తారు. క్షయకి ఐసోనియాజిడ్ వాడుతున్నా, ఫిట్స్‌కి ఫెనిటోయిన్, కార్బమజిపైన్ వాడుతున్నా అడగకుండా వరసగా వేసుకోకూడదు. గుండె సమస్యకి వార్ఫరిన్ వాడేవాళ్ళు నాలుగైదు రోజులు వరసగా పారాసెటమాల్ వేసుకుంటే రక్తం మరీ పల్చబడొచ్చు, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) చూపించుకోవాలి.

లివర్‌లో జరిగేదేమిటంటే, వేసుకున్న పారాసెటమాల్‌లో ఎక్కువ భాగాన్ని లివర్ ఏ హానీ లేని రూపంలోకి మార్చి మూత్రంలో పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం నాప్కీ అనే విషపదార్థంగా మారుతుంది. దాన్ని అక్కడికక్కడే నిర్వీర్యం చేసేది లివర్‌లో నిల్వ ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం. ఆ నిల్వ మన అపార్ట్‌మెంట్ సంపు లాంటిది, రోజూ వాడుకుంటాం, రోజూ నిండుతుంది, కానీ ఒకే పూట అంతా లాగేస్తే అడుగు కనిపిస్తుంది. అప్పుడు నాప్కీ లివర్ కణాల మీదే పడుతుంది. మూడు రోజులుగా తిండి తినకపోతే ఆ నిల్వ అసలే తక్కువగా ఉంటుంది. రోజూ మద్యం తాగేవాళ్ళలో రెండు వైపులా దెబ్బ, నిల్వా తక్కువే, నాప్కీ తయారీ కూడా ఎక్కువే. శుక్రవారం రాత్రి పార్టీ అయ్యాక "హ్యాంగోవర్ రాకుండా" అని రెండు డోలోలు మింగి పడుకునే అలవాటు ఈ ఊళ్ళో చాలా ఉంది. ఎప్పుడో ఒకసారి రెండు పెగ్గులు తాగినవాడికి మామూలు డోసుతో ఏమీ కాకపోవచ్చు. ప్రతి వారం చేసే పని మాత్రం కాదు.

పొరపాటునో, కోపంలోనో, బాధలోనో ఎవరైనా ఎక్కువ మాత్రలు మింగితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: మొదటి రోజు మనిషి బాగానే కనిపిస్తాడు. కాస్త వికారం, ఒకట్రెండు వాంతులు, అంతే. లివర్ దెబ్బతిన్న లక్షణాలు రెండో రోజు, మూడో రోజు బయటపడతాయి. "బాగానే ఉన్నాడు కదా, పడుకోనీ" అనుకుంటే విలువైన సమయం పోతుంది. దీనికి విరుగుడు ఉంది, ఎన్-అసిటైల్ సిస్టీన్. ఎనిమిది గంటల లోపు మొదలుపెడితే చాలా బాగా పనిచేస్తుంది, ఆలస్యమైనా ఉపయోగమే. ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నాలు చేయకుండా 108కి ఫోన్ చేసి, షీట్లు చేత్తో పట్టుకుని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఢిల్లీ ఎయిమ్స్ విషప్రయోగ సమాచార కేంద్రం నంబరు 1800 116 117. మనసు బాగోలేక అలాంటి ఆలోచనలు వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

కౌంటర్ దగ్గర రోజూ వినేవి కొన్ని. పారాసెటమాల్‌తో పాటు గ్యాస్ మాత్ర కూడా అడుగుతారు. అక్కర్లేదు. కడుపులో మంట పుట్టించేవి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి, పారాసెటమాల్ ఖాళీ కడుపున వేసుకున్నా ఏమీ కాదు. "వేడి చేస్తుంది, మజ్జిగ తాగకూడదా" అంటారు. తాగండి, పెరుగన్నం తినండి, జ్వరంలో నీళ్ళూ తిండీ పోవడమే కావాలి. "ఒక అజిత్రోమైసిన్ కూడా ఇవ్వండి" అంటారు. వైరల్ జ్వరానికి అది ఎందుకూ పనికిరాదు. "మాత్ర వేసుకుని గంటయింది, ఇంకా 100 ఉంది, ఇంకోటి వేసుకోనా" అంటారు. వద్దు. మందు పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది, 103 ఉన్నది 101కి దిగితే అది పనిచేసినట్టే. నాలుగైదు గంటలకి జ్వరం మళ్ళీ పెరిగితే మందు చెడిపోయిందని కాదు, జబ్బు ఇంకా ఉందని. థర్మామీటర్‌లో అంకె దించడం కోసం కాకుండా ఒంటికి బాధ తగ్గడం కోసం వేసుకోండి. 100 ఉండి హాయిగా కూర్చుని మాట్లాడుతుంటే మాత్రే అక్కర్లేదు.

సొంత వైద్యం జ్వరానికి మూడు రోజులు, ఆ తర్వాత డాక్టరే. తలనొప్పికి నెలలో పదిహేను రోజులకి పైగా మాత్ర వేసుకునే పరిస్థితి నెలల తరబడి సాగితే, ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. ల్యాప్‌టాప్ ముందు రోజంతా కూర్చునే మీ వయసువాళ్ళలో ఇది చాలా ఎక్కువ చూస్తుంటాను. ఊళ్ళో అమ్మకి మోకాళ్ళ నొప్పులుండి బీపీ మాత్రలు వాడుతుంటే, ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్‌లకన్నా పారాసెటమాల్ కిడ్నీలకి మేలు. అయినా రోజూ వేసుకునేది ఏదైనా ఆవిడ డాక్టర్‌కి తెలియాలి. గర్భిణులకి కూడా జ్వరానికి మొదట ఇచ్చేది ఇదే, తక్కువ డోసు, తక్కువ రోజులు, డాక్టర్‌కి చెప్పి. గర్భిణులు పారాసెటమాల్ వేసుకోవడానికీ పిల్లల్లో ఆటిజానికీ సంబంధం ఉందంటూ 2025 సెప్టెంబరులో అమెరికా నుంచి వచ్చిన ప్రకటన వాట్సాప్‌లో బాగా తిరిగింది. ఆ సంబంధానికి స్థిరమైన ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే చెప్పింది. గర్భిణికి ఎక్కువ జ్వరాన్ని అలా వదిలేయడమే ప్రమాదం.

ఇక బాబు సంగతి. సగం ముక్క ఇవ్వకండి. రెండేళ్ళ పిల్లాడు పదకొండు పన్నెండు కిలోలుంటాడు. పిల్లలకి ఒక్కో డోసు కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే వాడికి ఎక్కువలో ఎక్కువ 165 నుంచి 180. డోలోలో సగం 325. ఒకేసారి దాదాపు రెట్టింపు. వయసు చూసి కాదు, బరువు చూసి ఇవ్వాలి, అక్కని ఈ రోజే ఒకసారి తూకం వేయమనండి.

సిరప్ ఇచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి, పెద్ద పొరపాట్లు అక్కడే జరుగుతాయి. మన దగ్గర పిల్లల పారాసెటమాల్ మూడు గాఢతల్లో దొరుకుతుంది. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు, ఇంకోదానిలో అదే 5 మిల్లీలీటర్లకి 250, డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటర్‌కే 100. పది కిలోల పిల్లాడికి 150 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే మొదటిదాంట్లో ఆరు మిల్లీలీటర్లకి కాస్త పైన, రెండోదాంట్లో మూడు, డ్రాప్స్‌లో ఒకటిన్నర. పోయినసారి డాక్టర్ "ఆరు ఎంఎల్" అన్నారని గుర్తుపెట్టుకుని ఈసారి 250 సీసాలోంచి ఆరు పోస్తే డోసు రెట్టింపు, డ్రాప్స్ సీసాలోంచి పోస్తే నాలుగింతలు. పాత సీసా అయిపోయి కొత్తది తెప్పించుకున్న రోజే ఈ గొడవ వస్తుంది, అదీ అర్ధరాత్రి, లైటు కూడా వేయకుండా. అందుకని ఎంఎల్ గుర్తుపెట్టుకోకుండా సీసా మీద గాఢత చూసి లెక్కవేయాలి. సీసాతో వచ్చిన గీతల కప్పుతోనో సిరంజితోనో కొలవాలి, వంటింటి చెంచాతో వద్దు.

డోసుకీ డోసుకీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు, రోజుకి నాలుగు డోసులకి మించొద్దు. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వనే కూడదు. నిమెసులైడ్‌ని పన్నెండేళ్ళ లోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు, ఇంట్లో ఎక్కడైనా పాత సీసా ఉంటే పారేయమనండి. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ సిరప్‌లు డెంగీ కాదని తేలేదాకా పక్కన పెట్టాలి. ఒళ్ళు తుడవాలనుకుంటే గోరువెచ్చని నీళ్ళతో, ఐస్ నీళ్ళు వద్దు, దుప్పట్లు కప్పి చుట్టేయడం అసలే వద్దు.

మూడు నెలల లోపు పాపకి 100.4 వచ్చిందంటే ఏ మందూ ఇవ్వకుండా నేరుగా ఆసుపత్రికే. మీ మేనల్లుడి వయసులో అయితే జ్వరం అంకెకన్నా పిల్లాడి తీరు చూడాలి. మందు వేశాక కాస్త దిగి ఆడుకుంటుంటే, పాలో నీళ్ళో తాగుతుంటే ఒకరోజు చూడొచ్చు. మగతగా పడి ఉంటే, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోతే, ఫిట్స్ వస్తే, ఊపిరి ఎగపీలుస్తుంటే, ఒంటి మీద నొక్కినా పోని ఎర్ర మచ్చలు కనిపిస్తే వెంటనే తీసుకెళ్ళమనండి. మీకు డెంగీ అని తేలితే మాత్రం బాబుకి కూడా ఆ పరీక్ష చేయించాల్సిందే, ఈ మధ్య మీరు అక్క వాళ్ళింటికి వెళ్ళి ఉంటే ఇద్దరినీ అవే దోమలు కుట్టి ఉండొచ్చు.